పాములకు చిరునామా రాసిన డాక్టరు: పాట్రిక్ రస్సెల్

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాడికి రక్తపింజరిని ప్రత్యేకంగా పరిచయం చెయ్యనక్కరలేదు. వరికుప్ప కింద, గట్టు వార, ఎలుక బొరియ దగ్గర చుట్టచుట్టుకుని పడివుంటుంది. మనిషి దగ్గరికి వస్తే ప్రెషర్ కుక్కర్ కూతను తలపించేలా బుస కొడుతుంది. అప్పటికీ కాలు పక్కకు తియ్యకపోతే మిగతా కథ ఆస్పత్రిలో తేలవలసిందే. మన జువాలజీ లాబుల్లో దీన్ని ఫార్మలిన్ సీసాలో పెట్టి, పాత లేబుల్ అయితే వైపెరా రస్సెలై అనీ, కొత్త లేబుల్ అయితే డబోయియా రస్సెలై అనీ రాసిపెడతారు. ప్రాక్టికల్ పరీక్షలో ఆ పేరు తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు వేలల్లో వుంటారు. ఆ రస్సెల్ ఎవరయ్యా అని అడిగినవాళ్లు మాత్రం తక్కువే. ఆయన ఎక్కడో లండన్‌లో కూర్చుని మన పాముకు తన పేరు తగిలించుకున్న దొర కాదు. మన తెలుగు తీరాన కొన్నేళ్లు కాపురముండి, పాములు పట్టేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన తెలుగు పేర్లనే పుస్తకానికి ఎక్కించిన డాక్టరు.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్‌లోని ఎడింబరోలో పుట్టాడు. పుట్టిన సంవత్సరం పాత కాలెండర్ ప్రకారం 1726, కొత్త లెక్కకు 1727. తండ్రి లాయరు. ఆ ఇంట్లో వైద్యం, ప్రకృతి శాస్త్రం రెండూ కలిసే నడిచాయి. సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ సిరియాలోని అలెప్పో నగరంలో ఇంగ్లీషు వర్తకుల సంస్థకు డాక్టరు. ఆ వూరి మనుషులు, మొక్కలు, జంతువులు, జబ్బులు అన్నిటిని గూర్చి 1756లో ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. పాట్రిక్ 1750లో అన్న దగ్గరకు వెళ్లి, అన్న స్వదేశానికి వెళ్లిపోయిన తర్వాత అదే ఉద్యోగంలో కుదురుకున్నాడు. 1760 నుంచి 1762 దాకా అలెప్పోను ప్లేగు పట్టి పీడించింది. తోటి యూరోపియన్లు తలుపులు బిగించుకుని కూర్చున్న రోజుల్లో ఆయన రోగుల్ని చూస్తూ, ఎవరికి ఏ లక్షణం ఏ రోజున వచ్చిందో రాసుకుంటూ పోయాడు. అక్కడి పాషా ఆయనకు తలపాగా ధరించే గౌరవం కూడా ఇచ్చాడు. ఈ రాసుకునే అలవాటు తర్వాత మనకెంత పనికొచ్చిందో చూద్దాం.

అలెప్పో వదిలి లండన్ చేరి ప్రాక్టీసు పెట్టుకున్నాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అంతటితో ఆయన కథ ఇంగ్లండ్‌లోనే ముగియవలసింది. కాని తమ్ముడు క్లాడ్‌కు ఈస్టిండియా కంపెనీలో విశాఖపట్నం పాలన బాధ్యత వచ్చింది. తమ్ముడి ఆరోగ్యం అంతంత మాత్రం కావటంతో అన్నగారు తోడు బయలుదేరాడు. అది 1781. అప్పటికి రస్సెల్‌కు యాభై నాలుగేళ్లు. మన లెక్కలో రిటైర్మెంటు గురించి ఆలోచించే వయస్సు!

ఆనాటి ఉత్తర సర్కారులు ఎలా వుండేవో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1759లో ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి బందరు కోట కంపెనీకి చిక్కింది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకు గంజాం నుంచి కృష్ణ దాకా కంపెనీ పాలన కిందకు వచ్చింది. విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855కు గాని పూర్తి కాలేదు కాబట్టి, ఇప్పుడు మనం చూస్తున్న కాలవలూ, ఎడతెగని వరి మళ్లూ అప్పుడు లేవు. పాములు మాత్రం వున్నాయి. వరి విస్తరించిన తర్వాత ఎలుకలూ, ఎలుకల వెంట పాములూ ఇంకా పెరిగాయనుకోండి.

కంపెనీ తరఫున కర్ణాటక ప్రాంతంలో మొక్కలు, జంతువులు పరిశీలించే ఉద్యోగం ఒకటి వుండేది. అందులో వున్న కోనిగ్ సాక్షాత్తు లిన్నేయస్‌కు శిష్యుడు. ఆయన 1785లో చనిపోగా ఆ పని రస్సెల్‌కు అప్పగించారు. కోరమాండల్ తీరపు ఉపయోగకరమైన మొక్కలన్నిటిని బొమ్మలతో అచ్చు వెయ్యాలన్న ఆలోచన రస్సెల్‌దే. దాన్ని నెరవేర్చింది సామర్లకోటలో వున్న విలియం రాక్స్‌బరో. 1795లో మొదటి సంపుటం వెలువడినప్పుడు ముందుమాట రస్సెలే రాశాడు. వెదురు కణుపుల్లో దొరికే తవక్షీరి మీద కూడా 1790లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. అయితే మొక్కలవాడుగా ఆయన్ను మరిచిపోయినా నష్టం లేదు. అసలు పని పాముల్లో వుంది.

డాక్టరు కాబట్టి పాముకాటు కేసులు ఆయన దగ్గరకు వచ్చేవి. ఒక చిక్కు వెంటనే కనిపించింది. కరిచింది ఏ పామో చెప్పగలిగినవాడు లేడు. ఒకడికి విషం లేని పాము కరిచి వుంటుంది. వాడు ఏ వేరు నమిలినా, ఏ మంత్రం వేయించుకున్నా బతుకుతాడు. పేరు మాత్రం మందుకు వస్తుంది. ఇంకొకణ్ణి పింజరి కరిస్తే అదే మందు పనిచెయ్యదు. అప్పుడు తప్పు రోగి జాతకం మీదికి పోతుంది. ముందు పాము ఏదో తేలితే తప్ప మందు సంగతి తేలదు. రస్సెల్ పట్టుకున్న సూత్రం ఇదే. ఇది ఇవాళ మనకు మామూలు మాటగా కనిపిస్తుంది గాని, ఆ రోజుల్లో దాని మీద ఏళ్ల తరబడి శ్రమపడినవాడు మన దేశంలో మరొకడు లేడు.

పాములు పట్టేవాళ్ల చేత బతికున్న పాముల్ని తెప్పించుకున్నాడు. కోళ్లకూ కుక్కలకూ కాటు వేయించి, ఎన్ని నిమిషాలకు తూలింది, ఎప్పుడు పడిపోయింది, బతికిందా చచ్చిందా అని గడియారం పెట్టుకుని రాశాడు. ఈ కాలపు విద్యార్థికి ఇది చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. నేటి నిబంధనల ప్రకారం ఏ కాలేజీలోనూ అలా చెయ్యనివ్వరు. ఆ కాలానికి తెలిసిన దారి అదే. తంజావూరు మాత్ర అని ఒకటి పాముకాటుకు దివ్యౌషధమని ప్రచారంలో వుండేది. దానిలో పాషాణం కలిసేది. దాన్నీ పరీక్షకు పెట్టి నమ్మదగినది కాదని తేల్చాడు. విరుగుడు సీరం కనిపెట్టటానికి ఇంకా నూరేళ్లకు పైగా పట్టింది. అందుచేత మందు ఇవ్వటం ఆయన వల్ల కాలేదు. గుర్తు పట్టే దారి మాత్రం ఇవ్వగలిగాడు.

ఆ దారి కూడా తేలిగ్గా దొరకలేదు. లిన్నేయస్ పద్ధతిలో పాము పొట్ట కింది పలకల్ని, తోక కింది పొలుసుల్ని లెక్కపెట్టి జాతి చెప్పేవారు. ఒకే జాతిలో రెండు పాముల్ని పట్టుకుని లెక్కపెడితే అంకెలు అటూ ఇటూ అవుతాయి. రంగును నమ్ముకుందామా అంటే అది ఇంకా మోసం. మన నాగుపాము ఒక్కదానికే వూరికొక రంగు, రంగుకొక పేరు. కొత్త జాతి అని ఒక జంతువును ప్రకటించటంలో అసలు కష్టం ఇదే. వేరుగా కనపడినదల్లా వేరు జాతి కాదు, ఒకేలా కనపడినదల్లా ఒకే జాతి కాదు. తలమీద పెద్ద పలకలున్నాయా, చిన్న పొలుసులున్నాయా, నోట్లో కోరలు ఎలా వున్నాయి, తోక కింది పొలుసులు ఒక వరుసా రెండు వరుసలా అని ఒక్కొక్క పామును తిప్పి తిప్పి చూడాలి. ఇప్పుడు మనం బి.ఎస్.సి.లో బట్టీ పెట్టే విషసర్పాల కీ ఇలాంటి చూపులోంచి పెరిగినదే. ఆయన రాసిన వివరాలు 1787లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేయించి కంపెనీ డాక్టర్లకు పంచిపెట్టింది.

1789లో ఇంగ్లండ్ వెళ్లిపోతూ తాను పోగుచేసిన నమూనాల్లో చాలా భాగం మద్రాసులో కంపెనీ మ్యూజియానికి వదిలిపెట్టాడు. 1791లో ప్లేగు మీద, 1794లో అన్నగారి అలెప్పో గ్రంథం పెంచి రెండో కూర్పు, ఆ తర్వాత 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం మొదటి సంపుటం వెలువడ్డాయి. ఇందులో 43 పాములు, 46 పటాలు వున్నాయి. తెలుగువాడు ఆ పుస్తకం తిరగేస్తే ఆశ్చర్యపోతాడు. పటాల కింద లాటిన్ పేర్లకు బదులు మన పేర్లున్నాయి! జెర్రిపోతు, పెద్ద పొడ, చింతనాగు, పసిరిక పాము, రెండు తలల పాము. ఇంగ్లీషు అక్షరాల్లో కాస్త వంకరగా పడినా, బిగ్గరగా చదివితే ఇట్టే తెలిసిపోతాయి. రక్తపింజరి కింద ఆయన రాసిన పేరు కాటుక రేకుల పొడ. పొడ అంటే మచ్చ. ఒంటి మీద మూడు వరసల మచ్చలు, ఒక్కొక్క మచ్చకు నల్లని అంచు. కన్నుకు కాటుక దిద్దినట్టు. ఆ పేరు పెట్టిన తెలుగు పామువాడు ఎవరో గాని, ఏ లాటిన్ వర్ణనా అంత పొందికగా వుండదు.

ఇక్కడే కథలో చిన్న మెలిక వుంది. శాస్త్రలోకంలో ఒక జాతికి రెండు మాటల లాటిన్ పేరు ఎవరు ముందు పెడితే ఆ జాతి వాళ్ల పేరు మీద నమోదవుతుంది. రస్సెల్ ఆ పని చెయ్యలేదు. వర్ణన రాశాడు, బొమ్మ వేయించాడు, తెలుగు పేరు పెట్టి వూరుకున్నాడు. 1797లో బ్రిటిష్ మ్యూజియంలోని జార్జి షా కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరుతోనే లాటిన్ పేరు పెట్టాడు. అందువల్ల పాము పేరులో రస్సెల్ వున్నాడు, దాన్ని వర్ణించిన రచయితగా మాత్రం షా. అంతకన్నా విచిత్రం, ఇండియా మొహం చూడని ష్నైడర్ అనే జర్మన్ పండితుడు 1801లో రస్సెల్ పటాలు ముందు పెట్టుకుని మన కట్లపాముకూ, ఇసుకలో తిరిగే చిన్న పింజరికీ, పసుపు నలుపు పట్టీల పాముకూ లాటిన్ పేర్లు పెట్టేశాడు. మన దేశంలో ఎక్కువమంది ప్రాణాలు తీసేవి నాలుగు పాములని లెక్క. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. నాగుకు లిన్నేయస్ 1758లోనే పేరు పెట్టాడు. మిగతా మూడూ ప్రపంచానికి తెలిసింది రస్సెల్ చేతి మీదుగానే. ఆ మూడింటిలో ఒక్కదాని పక్కనా రచయితగా ఆయన పేరు లేదు.

అయితే మన భాషకు లాభించింది. పసుపు నలుపు పట్టీల పామును రస్సెల్ బంగారు పాము అని రాసుకున్నాడు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డాడిన్ ఆ మాటనే లాటిన్ చేసి కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. ఇవాళ చైనాలో కట్లపామును చదివే విద్యార్థి కూడా తెలియకుండా ఒక తెలుగు మాట పలుకుతున్నాడన్నమాట.

చేపల విషయంలోనూ ఇదే జరిగింది. విశాఖపట్నం రేవులో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో రెండు సంపుటాలు వచ్చాయి. ఆ బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారుడే. సొర, చందువ అనే మాటలు అందులోనూ తెలుగులోనే వున్నాయి. కనగర్త చేపకు ఫ్రాన్సులో కువియే 1816లో లాటిన్ పేరు పెట్టినప్పుడు రస్సెల్ రాసిన కనగుర్త అన్న మాటే తీసుకున్నాడు. అదే చేపను ఇప్పటికీ బందరు గిలకలదిండి రేవులో బుట్టల్లో పోసి అమ్ముతారు. ఒళ్లంతా ముళ్లతో, ఈకల్లాంటి రెక్కలతో వుండే మరో చేపను జాలరులు కోడిపుంజు అన్నారు. దానికి 1831లో బెన్నెట్ రస్సెల్ పేరు పెట్టగా, 1852లో బ్లీకర్ దాన్నే కోడిపుంగి అన్నాడు. పాత పేరుకే పెద్దరికం గనుక రస్సెల్ పేరు నిలిచింది, కోడిపుంజు ఓడిపోయింది!

ఇదంతా రెండు వందల ఏళ్ల నాటి మాట అని తీసిపారెయ్యటానికి లేదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ప్రకటించిన ఒక పరిశోధన అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58,000 మంది. ఎక్కువమంది పల్లెలవాళ్లే. ఆ కాట్లలో రక్తపింజరి వాటా పెద్దది. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరసగా జరిగి అవనిగడ్డ ఆస్పత్రి రోగులతో నిండితే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి జరిపించారు. గుడికి వెళ్లినవాళ్లను తప్పు పట్టనక్కరలేదు, భయం అలాంటిది. కాని అదే రోజుల్లో అవసరమైన సీరం ఆ నాలుగు పాముల విషాలకు విరుగుడుగా తయారయినదే. ఏ నాలుగు అన్న లెక్క తేలటానికి పునాది పడింది ఈ తీరంలోనే, ఈ డాక్టరు చేతనే. ఇంకొక సంగతి. రక్తపింజరి అని ఒకే జాతిగా అనుకున్నదాన్ని ఇటీవల రెండుగా విడదీశారు. బర్మా, థాయిలాండ్ వైపు వున్నది వేరు జాతి అని 2007లో తేల్చారు. రస్సెల్ పేరు మన వైపు పాముకే మిగిలింది.

రెండో సంపుటం ఆయన విడివిడి భాగాలుగా తీసుకురాసాగాడు. మొదటిది 1801లో, రెండోది 1802లో వెలువడ్డాయి. మూడో భాగం అచ్చులో చూడకుండానే 1805 జులై 2న లండన్‌లో కన్నుమూశాడు. అప్పటికి డెబ్భయ్ ఎనిమిదేళ్లు. మిగిలిన రెండు భాగాలూ 1807లో, 1809లో వచ్చాయి. ఆయన వెంట తీసుకుపోయిన మన పాముల ఎండిన చర్మాలు కొన్ని లండన్ మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా వున్నాయి.