జాషువా మహాకవి – బ్రతుకుతెరువు వెదకిన దినములు

చదువు ముగించి బ్రతుకుతెరువు వెదకబోవు విద్యార్థి సోదరులు గుఱ్ఱం జాషువా జీవితమును స్మరింపవలెనని మా కోరిక. మన నల్లమల సీమకు తూర్పున ఉన్న వినుకొండలో 1895 సెప్టెంబరు 28న వారు జన్మించిరి. అంటరానితనము బాల్యముననే వారిని బాధించెను. యౌవనమున ఉపాధికై రాజమండ్రి చేరి, 1915–16 ప్రాంతమున మూగచిత్రములు ఆడుచుండగా కథ చదివి వినిపించు కొలువు చేసిరి. పిదప గుంటూరులో ఉపాధ్యాయులైరి.

సంఘము కులము గోడలు కట్టగా, మనుష్యులు కొందరు తలుపులు తెరచిరి. జూపూడి హనుమచ్ఛాస్త్రి వారికి కాళిదాసు కావ్యములు బోధించిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయముగా వారి కాలికి గండపెండేరము తొడిగిరి.

1932లో జాషువా 'ఫిరదౌసి' రచించిరి. బంగారు నాణెముల మాట నమ్మి, ఏండ్ల తరబడి శ్రమించి, వెండితో వంచింపబడిన పారశీక కవి గాథ అది. తెలుగు క్రైస్తవ కవి, శతాబ్దముల నాటి ముస్లిము కవి వేదనను తన వేదనగా ఎరిగెను. 1941లో 'గబ్బిలము' వెలువడెను. 1970లో పద్మభూషణ పురస్కారము లభించెను. 1971 జూలై 24న వారు కన్నుమూసిరి.

ఉర్దూ, తెలుగు కలిసి చదువుకొను మనకు ఇంతకన్న దగ్గరి చుట్టము ఎవరు? పని చిన్నదని కుంగక, చేయందించు మనిషి కులమతములు అడుగక సాగుదము.