కొవ్వొత్తి వెలుగులో రాయని న్యాయమూర్తి

విశాఖపట్నం రైల్వే ఉద్యోగుల ఇళ్లలో గార్డెన్ రీచ్ పేరు ఒకప్పుడు తరచూ వినిపించేది. వాల్తేరు డివిజన్ 2003 వరకు ఆగ్నేయ రైల్వేలో ఉండేది. ఆ రైల్వే ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో, హుగ్లీ ఒడ్డున ఉన్న గార్డెన్ రీచ్‌లోనే ఉంది. ఇప్పుడక్కడ రేవులు, నౌకా నిర్మాణ కేంద్రం, ఇరుకు బస్తీలు. రెండు శతాబ్దాల కిందట మాత్రం అది సంపన్నులైన ఆంగ్లేయుల తోట బంగళాల వరుస. వాటిలో ఒకదాంట్లో ఉండి రోజూ తెల్లవారకముందే నగరానికి నడిచి వెళ్లిన వ్యక్తి సర్ విలియం జోన్స్.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786 ఫిబ్రవరి 2న చేసిన ప్రసంగం ఆయనను చరిత్రలో నిలబెట్టింది. ఆ పాండిత్యం గురించి చాలామంది రాశారు. సహకరించని శరీరంతో ఆయన ఆ పనంతా ఎలా చేశారన్నది అంతగా చర్చకు రాదు.

జోన్స్ 1746లో లండన్‌లో పుట్టారు. తండ్రి గణితవేత్త. వృత్తానికి సంబంధించిన నిష్పత్తికి ‘పై’ గుర్తును మొదట వాడింది ఆయనే. కొడుక్కి మూడేళ్లు నిండకముందే తండ్రి పోయారు. చిన్నతనంలో జరిగిన ప్రమాదంలో జోన్స్ కుడి కన్ను దెబ్బతింది, ఆ చూపు మళ్లీ పూర్తిగా రాలేదు. అయినా హారో, ఆక్స్‌ఫర్డ్ చదువుల్లో అరబీ, పారశీకాలు నేర్చుకుని, 1771లో పారశీక వ్యాకరణం ప్రచురించారు. భాషలతో పూట గడవదని తేలాక న్యాయశాస్త్రం చదివారు.

1783లో కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి వచ్చింది. జీతం ఏడాదికి 6,000 పౌండ్లు. కొన్నేళ్లు పనిచేసి, 30,000 పౌండ్లు కూడబెట్టుకుని స్వదేశం వెళ్లిపోవాలన్నది లెక్క. ఆ ఏప్రిల్‌లోనే అన్నా మారియా షిప్లీని పెళ్లాడి, సెప్టెంబరులో ఆమెతో కలిసి కలకత్తాలో దిగారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1784 జనవరిలో ఆసియాటిక్ సొసైటీని స్థాపించారు.

ఒళ్లు వెంటనే ఎదురు తిరిగింది. 1784లోనే తీవ్రంగా జబ్బుపడ్డారు. కాశీ వైపు సాగిన నదీ ప్రయాణంలో చాలాకాలం అనారోగ్యంతోనే గడిచింది. అన్నా పరిస్థితి ఇంకా కష్టం. బెంగాల్ వాతావరణం ఆమెకు ఏనాడూ పడలేదు. కోర్టు సెలవుల్లో దంపతులు కృష్ణనగర్‌కు చేరుకునేవారు. 1786లో గాలి మార్పు కోసం చిట్టగాంగ్ దాకా వెళ్లారు.

జోన్స్ తన బలహీనతను దాచుకోలేదు, దాని చుట్టూ దినచర్యను కట్టుకున్నారు. కొవ్వొత్తి వెలుగులో రాయనని నియమం పెట్టుకున్నారు. మన తీరంలో పాముల మీద పరిశోధన చేసిన పాట్రిక్ రస్సెల్‌కు 1784 మార్చిలో రాసిన ఉత్తరంలో ఆ సంగతి చెబుతూ, జవాబు ఆలస్యానికి అదీ ఒక కారణమన్నారు. రాత్రి పోయింది కాబట్టి తెల్లవారుజామును గట్టిగా పట్టుకున్నారు. గార్డెన్ రీచ్ బంగళా నుంచి కోర్టు సుమారు 5 మైళ్లు. చీకటి ఉండగానే లేచి, తొలి వెలుగు వచ్చేసరికి నడిచి నగరంలోని తన బసకు చేరేవారు. కోర్టు మొదలయ్యేదాకా పండితులతో, మౌల్వీలతో చదువు. తర్వాత తీర్పులు. సూర్యాస్తమయానికి మళ్లీ నది ఒడ్డున ఇల్లు.

అలా మిగిల్చుకున్న గంటల్లోనే ఆయన సంస్కృతం నేర్చుకున్నారు. గురువు బ్రాహ్మణుడు కాదు, రామలోచనుడనే వైద్యకులస్థుడు. 1789లో కాళిదాసు శాకుంతలానికి ఆంగ్లానువాదం వచ్చింది. ఆ తర్వాత గీతగోవిందం, ముస్లింల వారసత్వ న్యాయగ్రంథం సిరాజియ్యా, 1794లో మనుస్మృతి. జంతువులను చంపడం ఇష్టంలేక జీవశాస్త్రంలో మొక్కలను ఎంచుకున్నారు. కుష్ఠు వంటి వ్యాధులకు పాషాణం, మిరియాలతో చేసే చికిత్స గురించి ఢిల్లీ హకీం అథర్ అలీ ఖాన్ రాసిన వ్యాసాన్ని, తన పరిచయంతో సొసైటీ సంపుటంలో వేయించారు. ఈ దేశపు వైద్యులకు తెలిసింది ఐరోపావారు వినాలన్నది ఆయన పట్టుదల.

ఆయనను కట్టిపడేసింది మాత్రం మరో పని. హిందువుల, ముస్లింల వ్యాజ్యాల్లో ధర్మశాస్త్రం ఏం చెబుతుందో తెలియాలంటే ఆంగ్ల న్యాయమూర్తులు కోర్టు పండితుల మాట మీదే ఆధారపడాల్సి వచ్చేది. ఆ మాట మీద జోన్స్‌కు నమ్మకం తక్కువ. మూలగ్రంథాల నుంచి ఒక ధర్మసంగ్రహం తయారు చేయిస్తే పర్యవేక్షిస్తానని, అదనపు జీతం అక్కర్లేదని 1788లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌కు రాశారు. అనుమతి వచ్చింది. జగన్నాథ తర్కపంచాననుడు వంటి పండితులు సంకలనానికి కూర్చున్నారు. అనువాదం జోన్స్ వంతు.

పని సాగుతుండగానే అన్నా ఆరోగ్యం క్షీణించింది. భర్తను విడిచి వెళ్లడం ఇష్టంలేక ఆమె ప్రయాణాన్ని వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి 1793 చివర్లో ఒంటరిగా ఓడ ఎక్కారు. కూడబెట్టాలనుకున్న డబ్బు అప్పటికే చేతికొచ్చింది. ఉద్యోగం కోసమైతే జోన్స్ ఆగనక్కర్లేదు. ధర్మసంగ్రహం ముగించి, తర్వాతి ప్రయాణాల కాలానికి వచ్చేస్తానని ఆమెకు మాటిచ్చి ఉండిపోయారు.

ఐదు నెలలు కూడా గడవలేదు. 1794 ఏప్రిల్ 20 ప్రాంతంలో ఒక సాయంత్రం బాగా పొద్దుపోయేదాకా నడిచి, మిత్రుడైన గవర్నర్ జనరల్ జాన్ షోర్ ఇంటికి వెళ్లారు. చలిజ్వరంలా ఉందని, ఏదో మందు వేసుకుంటానని చెప్పి, దాని మీద ఒక సామెతతో నవ్వేశారు. రెండు మూడు రోజుల తర్వాత పిలిచిన వైద్యుడు అది కాలేయపు వాపని గుర్తించారు. అప్పటికే మందులకు లొంగని దశకు చేరింది. ఏప్రిల్ 27న, 47వ ఏట జోన్స్ కన్నుమూశారు. సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఆయన సమాధి ఇప్పటికీ కనిపిస్తుంది.

కళ్లు బాగాలేవని తెలిసినప్పుడు ఆయన పనిని కళ్లకు తగ్గట్టు మార్చుకున్నారు. పదకొండేళ్ల శ్రమను నిలబెట్టింది ఆ వివేకమే. ఏళ్ల తరబడి నలతతో సర్దుకుపోయిన మనిషికి కొత్త జ్వరం కూడా పాతవాటిలో ఒకటిగానే తోచింది.

ఆయన ఆగిపోయిన ధర్మసంగ్రహాన్ని హెచ్.టి. కోల్‌బ్రూక్ అనువదించి పూర్తిచేశారు. ఇంగ్లండ్‌లో ఎదురుచూసిన అన్నా, భర్త రచనలను 1799లో ఆరు సంపుటాలుగా వెలువరించారు. గార్డెన్ రీచ్‌కు ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డున ఉన్న కంపెనీ వృక్షశాస్త్ర తోటకు 1793లో మన సామర్లకోట నుంచి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అధిపతి అయ్యారు. ఆయన అశోక వృక్షానికి జోన్స్ పేరు కలిపి ‘జోనేసియా అశోక’ అని నామకరణం చేశారు. శాస్త్రజ్ఞులు తర్వాత ఆ ప్రజాతి పేరు మార్చి ‘సరాకా’ అన్నారు.