బాంబుల చోట కుర్చీలు వేసిన ఇంజనీరు – హ్యాండ్లీ పేజ్

విమానం అనగానే మనకు రైట్ సోదరులు గుర్తుకు వస్తారు. వారి గురించి చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. కాని టికెట్టు కొన్న ప్రయాణికులను ఒక దేశం నుండి మరో దేశానికి చేర్చే విమానాలు ఎలా మొదలయ్యాయో మనలో చాలామందికి తెలియదు. ఆ పనిలో ముందు నడిచిన వారిలో ఒకరు సర్ ఫ్రెడరిక్ హ్యాండ్లీ పేజ్. ఆయన జీవిత విశేషాలను ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందుంచుతున్నాం.

హ్యాండ్లీ పేజ్ 1885 నవంబర్ 15న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించారు. తండ్రిది కుర్చీలు, సోఫాలు తయారు చేసే చిన్న వ్యాపారం. హ్యాండ్లీ పేజ్ లండన్‌లోని ఫిన్స్‌బరీ సాంకేతిక కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, ఒక విద్యుత్ పరికరాల కంపెనీలో ఉద్యోగంలో చేరారు. మనసంతా విమానాల మీదే ఉండేది. అనుమతి లేకుండా కంపెనీలోనే విమాన ప్రయోగాలు చేసినందుకు యాజమాన్యం ఆయనను ఉద్యోగం నుండి తొలగించింది.

అయినా ఆయన వెనకడుగు వేయలేదు. 1909 జూన్ 17న, 23 ఏళ్ళ వయసులో, సొంతంగా విమానాల కంపెనీని స్థాపించారు. లండన్‌లోని నార్తాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో విమాన శాస్త్రం పాఠాలు కూడా చెప్పారు. అక్కడి విద్యార్థి జార్జ్ వోల్కర్ట్ 1912లో ఆయన కంపెనీలో చేరి ముఖ్య డిజైనర్‌గా ఎదిగారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బరువైన బాంబులు మోసే పెద్ద విమానం కావాలని నౌకాదళం కోరింది. అలా తయారైనదే ఓ/100, దాని మెరుగైన రూపమే ఓ/400. కర్రతో, గుడ్డతో చేసిన ఆ విమానం రెక్కలు ఈ చివర నుండి ఆ చివరకు 100 అడుగులు. షెడ్డులో పట్టడానికి వీలుగా ఆ రెక్కలను వెనక్కు మడిచేవారు.

1918 నవంబర్‌లో యుద్ధం ముగిసింది. బాంబు విమానాలు ఇక ఎవరికి కావాలి? ఆర్డర్లు లేకపోతే ఫ్యాక్టరీ నడవదు, కార్మికులకు పని ఉండదు. హ్యాండ్లీ పేజ్ ఒక దారి వెతికారు. 1919 జూన్‌లో హ్యాండ్లీ పేజ్ ట్రాన్స్‌పోర్ట్ అనే సంస్థను స్థాపించి, ఓ/400లో బాంబులు ఉండే చోట కుర్చీలు వేయించారు, కిటికీలు పెట్టించారు. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో లండన్ – పారిస్ సర్వీసు మొదలైంది. అక్టోబర్ 11 నుండి 3 షిల్లింగులకు భోజనం పొట్లం కూడా అమ్మారు. విమాన సర్వీసులో ప్రయాణికులకు భోజనం అందించడం అదే మొదలు అంటారు.

అయితే కుర్చీలు వేసినంత మాత్రాన బాంబు విమానం ప్రయాణికుల విమానం అయిపోదు. ఇంజన్ల మోత చెవులు పగిలేలా ఉండేది. టికెట్టు ధర సామాన్యునికి అందేది కాదు. 1920 డిసెంబర్ 14న అటువంటి విమానం ఒకటి లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్ వద్ద చెట్టును ఢీకొని కూలింది. నలుగురు మరణించారు.

విమానం వేగం తగ్గి, ముక్కు బాగా పైకి లేస్తే రెక్కల మీద గాలి పట్టు తప్పుతుంది. అప్పుడు విమానం ఒక్కసారిగా పడిపోతుంది. దీనికి విరుగుడుగా హ్యాండ్లీ పేజ్ రెక్క ముందు అంచున సన్నని సందు ఏర్పాటు చేశారు. ఆ సందులోంచి దూసుకు వచ్చే గాలి రెక్క పట్టును నిలుపుతుంది. ఇదే ఆలోచన జర్మనీలో గుస్తావ్ లాక్‌మన్‌కూ వచ్చింది. నిన్నటి శత్రు దేశం వాడని చూడకుండా హ్యాండ్లీ పేజ్ ఆయనతో చేయి కలిపారు, తరువాత తన కంపెనీలోనే ఉద్యోగం ఇచ్చారు.

ఇక మొదటి నుండి ప్రయాణికుల కోసమే ఆలోచించి కట్టిన హెచ్.పి.42 విమానం 1930 నవంబర్‌లో ఎగిరింది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ వీటిని పారిస్‌కు, కైరో నుండి అవిభక్త భారతదేశంలోని కరాచీకి నడిపింది. 1931 నుండి 1939లో యుద్ధం మొదలయ్యే దాకా వీటిలో ఒక్క ప్రయాణికుడూ ప్రాణం కోల్పోలేదు.

ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆయన కంపెనీ విమానాలు ఎందరి ప్రాణాలో తీశాయి. 1919 మే 24న కాబూల్‌పై బాంబులు వేసినదీ ఆ కంపెనీ విమానమే. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన హాలిఫాక్స్ విమానాలు 6,000కు పైగా తయారయ్యాయి, బెర్లిన్ మీద బాంబులు కురిపించాయి. 1946లో వాటిలో కొన్ని మళ్ళీ ప్రయాణికుల విమానాలయ్యాయి. 1948లో బెర్లిన్‌కు దారులు మూసివేసినప్పుడు, ఆ రకం విమానాలే ఆ నగర ప్రజలకు ఆహారం, ఇంధనం మోశాయి.

1942లో సర్ బిరుదు పొందిన హ్యాండ్లీ పేజ్ 1962 ఏప్రిల్ 21న మరణించారు. ఆయన కంపెనీ 1970లో మూతపడింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! కుర్చీలు వేయడానికి కొద్ది కాలం చాలింది. ప్రయాణికునికి తగిన మంచి విమానం కట్టడానికి ఏళ్ళ తరబడి కృషి పట్టింది. మనమూ చేతిలో ఉన్నదానితోనే మొదలుపెడదాం. కాని అది మంచిగా తయారయ్యే దాకా వదలకుండా పని చేద్దాం.