ఆడపిల్లలకు మైదానం ఇచ్చిన కోచ్ – క్లీవ్ అబ్బాట్



మా హాస్టల్లో సాయంత్రం ఆటల గంట కొట్టగానే పిల్లలు చెప్పులు విడిచి గ్రౌండ్‌లోకి పరుగు తీస్తారు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఒక కోచ్ గుర్తొస్తారు. ఆయన పేరు క్లీవ్‌లాండ్ అబ్బాట్. అందరికీ క్లీవ్ అబ్బాట్‌గా తెలుసు. అమెరికాలో నల్లజాతి విద్యార్థుల కాలేజీలో 32 ఏళ్లు పనిచేశారు.

అబ్బాట్ 1892లో సౌత్ డకోటా రాష్ట్రంలో పుట్టారు. కాలేజీ రోజుల్లో అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, అథ్లెటిక్స్ నాలుగింటిలోనూ కాలేజీ జట్టులో ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో అధికారిగా చేశారు. 1923లో అలబామా రాష్ట్రంలోని టస్కెగీ ఇన్‌స్టిట్యూట్‌లో క్రీడల బాధ్యత తీసుకున్నారు. 1881లో బుకర్ టి. వాషింగ్టన్ నాయకత్వంలో మొదలైన విద్యాసంస్థ అది.

అప్పట్లో అలబామాలో తెల్లవారి బడి వేరు, నల్లవారి బడి వేరు. ఆటల్లోనూ అదే పద్ధతి. తెల్లవారి పోటీల్లో నల్లజాతి పిల్లలకు చోటు లేదు. అందుకే అబ్బాట్ 1927లో తమ మైదానంలోనే టస్కెగీ రిలేస్ పేరుతో పోటీలు మొదలుపెట్టారు. రెండేళ్లకు, 1929లో, అందులో ఆడపిల్లల పందేలు చేర్చారు.

ఇది చిన్న విషయం కాదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు అథ్లెటిక్స్ పెట్టిందే 1928లో. ఆ ఏడాది 800 మీటర్ల పరుగు చూసి, ఇంత దూరం ఆడవాళ్ల వల్ల కాదని పెద్దలు తేల్చేశారు. 1960 దాకా ఆ పందెం మళ్లీ పెట్టలేదు. అలాంటి కాలంలో అబ్బాట్ ఆడపిల్లల జట్టును తయారుచేశారు. 1937లో ఆ జట్టు జాతీయ చాంపియన్ అయింది. అలా మొత్తం 14 జాతీయ అవుట్‌డోర్ టైటిళ్లు గెలిచింది.

జార్జియా రాష్ట్రంలో ఆలిస్ కోచ్‌మన్ అనే అమ్మాయి ఉండేది. మట్టిబాటల మీద ఉత్తకాళ్లతో పరుగెత్తేది. తాడు కట్టి దాని మీదుగా దూకేది. ఆడపిల్లకు ఇవేం ఆటలని తండ్రి కొట్టేవాడు. 1939లో ఆమె టస్కెగీ జట్టుతో జాతీయ పోటీలకు వెళ్లి హైజంప్‌లో గెలిచింది. తర్వాత టస్కెగీలోనే స్కాలర్‌షిప్ మీద చేరింది. జిమ్ శుభ్రం చేస్తూ, ఫుట్‌బాల్ జట్టు బట్టలు కుడుతూ చదువుకుంది. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. అయినా ఆమె ఆట మానలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 1.68 మీటర్లు దూకి బంగారు పతకం తెచ్చింది. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి నల్లజాతి మహిళ ఆమే.

అబ్బాట్ 1955లో కన్నుమూశారు. మరుసటి ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో టస్కెగీ విద్యార్థిని మిల్డ్రెడ్ మెక్‌డానియెల్ 1.76 మీటర్ల ప్రపంచ రికార్డుతో హైజంప్ స్వర్ణం గెలిచింది. ఆ ఒలింపిక్స్‌కు అమెరికా మహిళల అథ్లెటిక్స్ జట్టును నడిపించిన హెడ్ కోచ్ నెల్ జాక్సన్. ఆవిడా టస్కెగీ జట్టులో పరుగెత్తిన అమ్మాయే. ఆయన చూడలేకపోయారు గానీ, ఆయన వేసిన దారి ఆగలేదు.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం, పదో తరగతి చదువు పాడవుతుందని ఒక అమ్మాయిని జిల్లా పోటీలకు పంపలేదు. ఆ తర్వాత ఆ పిల్ల మళ్లీ గ్రౌండ్‌లో అడుగుపెట్టలేదు. పరీక్ష పాసైంది, పరుగు మానేసింది. ఆ తప్పు నాదే. ఆలిస్ చదువూ ఆటా రెండూ చేసిందని అప్పటికి నాకు తెలియదు.

ఇప్పుడు మా హాస్టల్లో పోటీల పిలుపు వస్తే ముందు పిల్లలను అడుగుతాను, తర్వాత వాళ్ల అమ్మానాన్నలతో నేనే మాట్లాడతాను. మీ గూడెంలో పరుగెత్తే చెల్లి ఉంటే, ఆమె తరఫున ఇంట్లో ఒక మాట మీరూ మాట్లాడండి.