కనబడని కంప్యూటరును కలగన్న మార్క్ వైజర్

చెన్నైకి కొత్తగా వచ్చిన మన అమ్మాయిలు బస్సు మీద తమిళ బోర్డును ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతారు. అదే తెలుగు బోర్డయితే చదివామన్న సంగతే తెలీదు. చూపు పడగానే అర్థం వచ్చేస్తుంది. బాగా అలవాటైన పనిముట్టు మన ధ్యాసలోంచి తప్పుకుంటుంది. కంప్యూటరు కూడా అలాగే తప్పుకోవాలని కోరుకున్నవారు మార్క్ వైజర్. తెలుగు శాఖ గోడ పత్రికలో ఈయనెందుకు అంటారా? కంప్యూటరు ఎలా ఉండాలో చెప్పడానికి ఆయన మొదట చూపించిన ఉదాహరణ రాతే కాబట్టి.

వైజర్ 1952 జూలై 23న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, హార్వీలో పుట్టారు. ఫ్లోరిడాలోని న్యూ కాలేజీలో తత్త్వశాస్త్రం చదవడం మొదలుపెట్టారు గానీ డిగ్రీ పూర్తి కాలేదు. ప్రోగ్రామరుగా ఉద్యోగం చేశారు. ఆ తర్వాత మిచిగన్ విశ్వవిద్యాలయంలో చేరి 1979లో పిహెచ్.డి. అందుకున్నారు. పెద్ద ప్రోగ్రాములో తప్పు వెతికేటప్పుడు దానికి సంబంధించిన వరుసల్ని మాత్రమే విడదీసి చూడటం ఎలాగన్నది ఆయన పరిశోధన. కొన్నేళ్లు మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1987లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రానికి వెళ్లారు.

అప్పట్లో కంప్యూటరంటే బల్ల మీద పెద్ద పెట్టె. దాని ముందు కూర్చుని, దానికి తగ్గట్టు మనమే నడుచుకోవాలి. వైజర్ దీన్ని తిరగేశారు. మనుషులుండే చోటికే కంప్యూటర్లు రావాలి, వచ్చి గుట్టుగా పనిచేయాలి అన్నది ఆయన ఆలోచన. 1988లో దానికి యుబిక్విటస్ కంప్యూటింగ్ అని పేరు పెట్టారు. అంతటా ఉండి కంటికి కనబడనిది అన్నమాట. ప్రహ్లాదుడి కథ చదివిన మనకి ఈ ఊహ మరీ కొత్తేం కాదు!

ఆయన బృందం మూడు సైజుల్లో పరికరాలు చేసింది. అరచేతిలో ఇమిడే ట్యాబ్, నోటుపుస్తకమంత ప్యాడ్, గోడకు పెట్టే బోర్డు. గదుల పైకప్పుకు బిగించిన ఇన్‌ఫ్రారెడ్ పరికరాల వల్ల ఏ ట్యాబ్ ఏ గదిలో ఉందో తెలిసేది. దాన్నిబట్టి సాఫ్ట్‌వేర్ నడుచుకునేది. ప్రింటు కావాలంటే దగ్గరున్న ప్రింటరునే ముందు చూపిస్తుంది. కలిసి పనిచేసేవాళ్లు ఒక గదిలోకి వెళితే ఆ గదికి చెందిన రాతబోర్డు అందరి చేతుల్లోనూ తెరుచుకుంటుంది. గది మారితే బోర్డూ మారుతుంది. ఇలా సందర్భం తెలుసుకుని మెలిగే సాఫ్ట్‌వేర్ గురించి ఆ కేంద్రంలోని బిల్ షిలిట్, ఆయన సహచరులు 1994లో వివరంగా రాశారు.

అయితే, మనం ఏ గదిలో ఉన్నామో ప్రింటరుకు తెలిస్తే పై అధికారికీ తెలియొచ్చు కదా? ఈ ప్రమాదాన్ని వైజర్ దాచలేదు. 1991లో సైంటిఫిక్ అమెరికన్‌లో వచ్చిన తన ప్రసిద్ధ వ్యాసంలోనే హెచ్చరించారు. ఒక మనిషి ఎక్కడున్నదీ ఆ మనిషి సొంత ప్రోగ్రామే దాచిపెట్టాలని, ఎవరికి చెప్పాలో ఆ మనిషే నిర్ణయించుకోవాలని ఆయన సహచరులు ఒక పద్ధతి కూడా రూపొందించారు.

తర్వాత జాన్ సీలీ బ్రౌన్‌తో కలిసి, విసిగించని ప్రశాంతమైన సాంకేతికత గురించి రాశారు. దానికి ఆయన ఇష్టంగా చూపించిన ఉదాహరణ నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి చేసిన ప్లాస్టిక్ తీగ. ఎనిమిది అడుగుల ఆ తీగ పైకప్పు నుంచి వేలాడేది. నెట్‌వర్కులో రద్దీ ఉంటే గిరగిరా తిరిగేది, లేకపోతే అప్పుడప్పుడు కాస్త కదిలేది. కావాలంటే చూడొచ్చు, లేకపోతే మన పనిలో మనం ఉండొచ్చు.

ఇంతటి ప్రశాంతత కోరిన మనిషి డ్రమ్ములు వాయించేవారంటే నవ్వొస్తుంది. ఆయన బ్యాండు సివియర్ టైర్ డ్యామేజ్ 1993 జూన్ 24న ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారమైంది. అలా ప్రసారమైన మొదటి బ్యాండు అదే. 1999 ఏప్రిల్ 27న, 46 ఏళ్లకే, క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది.

ఆయన ట్యాబ్ ఇప్పుడు మన ఫోన్. ప్యాడ్, బోర్డు కూడా మన క్లాసుల దాకా వచ్చేశాయి. ప్రశాంతత మాత్రం రాలేదు. నిమిషానికోసారి టింగుమంటూ ఫోనే మనల్ని పిలుస్తోంది. రాత్రి లోకల్ ట్రైన్లో వస్తూ అమ్మకి లొకేషన్ పంపితే ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ హాస్టల్ చేరాక దాన్ని ఆపుతున్నామా? అమ్మకి కాక ఇంకెవరెవరికి మన జాడ తెలుస్తోంది? ఎవరికి చెప్పాలన్నది మన చేతిలోనే ఉండాలన్న ఆ పాత పద్ధతి మనలాంటి అమ్మాయిలకే ఎక్కువ అవసరం. ఈ రాత్రి పడుకునే ముందు ఫోన్ సెట్టింగ్స్ తెరిచి, ఏ యాప్‌కి లొకేషన్ అనుమతి ఇచ్చామో ఒక్కసారి చూడండి. అక్కర్లేనివి తీసేయండి.