సెల్ఫ్ వెనుక మనిషి

మన దగ్గర కారు మొరాయిస్తే మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న, సెల్ఫ్ తీసుకుంటోందా లేదా అని. పుస్తకంలో స్టార్టర్ మోటార్ అని ఉంటుంది గానీ షెడ్డులో ఎవరూ ఆ మాట అనరు. సెల్ఫ్ కొట్టు, సెల్ఫ్ పోయింది, సెల్ఫ్ దింపాలి, అంతే. సెల్ఫ్ స్టార్టర్ అన్న పేరులో ముందు సగమే మన నాలుక మీద మిగిలింది. ఆ యంత్రాన్ని కార్లలో నిలబెట్టినవాడు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్. మా ఈఈఈ వాళ్ళ సిలబస్‌లో డీసీ సిరీస్ మోటార్ ఉంది, దాని టార్క్ కర్వ్ ఉంది. ఈయన మాత్రం లేడు. అందుకే ఈసారి ఆయన కథ చెప్తాను.

కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ చూపు సరిగ్గా లేదు. చదివితే తలనొప్పి. అయినా చదివాడు, కొన్నాళ్ళు బడిపంతులుగా పనిచేశాడు, తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో చేరాడు. కళ్ళు మొండికేయడంతో చదువు మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడు టెలిఫోన్ స్తంభాలు పాతి తీగలు లాగే ముఠాలో చేరి, ఫోర్‌మన్ అయ్యాడు. గుంటలు తవ్వడం, లైన్‌లో తప్పు ఎక్కడుందో వెతకడం, ఇదీ పని. మళ్ళీ కాలేజీకి వెళ్ళినప్పుడు తోటి విద్యార్థులు పాఠాలు చదివి వినిపిస్తుంటే విని నేర్చుకున్నాడు. 1904లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ చేతికొచ్చేసరికి వయసు 28కి దగ్గర పడింది. బ్యాక్‌లాగ్స్ గురించి కుంగిపోయే మన జూనియర్లు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఉద్యోగం డేటన్ నగరంలో, నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో దొరికింది. దుకాణాల గల్లాపెట్టె మీద ఉండే క్యాష్ రిజిస్టర్‌ని అప్పటిదాకా చేత్తో హ్యాండిల్ తిప్పి నడిపేవాళ్ళు. దానికి కరెంటు మోటార్ పెట్టాలి. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ బలానికి సరిపడే మోటార్ రోజంతా తిరిగేలా తయారుచేస్తే అది పెట్టెలో పట్టదు. కానీ అమ్మకం జరిగినప్పుడు అది తిరగాల్సింది ఒక్క క్షణం. తర్వాత మళ్ళీ బేరం వచ్చేదాకా విశ్రాంతే. అలాంటప్పుడు చిన్న మోటార్ మీదే దాని శక్తికి మించిన భారం వేసినా అది కాలిపోదు, ఎందుకంటే వేడెక్కే లోపే పని అయిపోతుంది. కెటరింగ్ ఆ దారిలో వెళ్ళాడు. ఎంత బలం కావాలి అనే ప్రశ్న పక్కన ఎంతసేపు కావాలి అనే ప్రశ్న పెట్టాడు. ఆయన జీవితమంతా ఆ రెండో ప్రశ్న చుట్టూ తిరిగిందని నాకనిపిస్తుంది.

సాయంత్రాలు ఆయనకి ఇంకో లోకం ఉండేది. సహోద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనుక కొట్టంలో కొందరు మిత్రులు కలిసి కార్ల కోసం మెరుగైన ఇగ్నిషన్ తయారుచేయడం మొదలుపెట్టారు. అప్పటి కార్లలో స్పార్క్ కోసం వాడే డ్రై సెల్స్ త్వరగా అయిపోయేవి. ప్రతి మంటకీ వరసగా ఎన్నో నిప్పురవ్వలు వృథాగా పుట్టడం దానికొక కారణం. కెటరింగ్ పద్ధతిలో సరైన సమయానికి బలమైన రవ్వ ఒక్కటి పుడుతుంది. కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లేలాండ్ దాన్ని తీసుకున్నాడు. కెటరింగ్ 1909లో ఉద్యోగం వదిలేసి డీడ్స్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. డేటన్ ఇంజినీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ అన్న పేరులోని మొదటి అక్షరాలే డెల్కో. పాయింట్లు, కాయిల్, కండెన్సర్‌తో మన అంబాసిడర్లు, పద్మినులు నడిచిన ఇగ్నిషన్ మూలం కూడా ఆయన పనే.

ఇంజిన్ స్టార్ట్ చేయడం మాత్రం అప్పటికీ కండబలం వ్యవహారమే. కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. స్పార్క్ కాస్త ముందుగా పడితే ఇంజిన్ వెనక్కి తన్నేది, మణికట్లు విరిగేవి, దవడలు పగిలేవి. దానికి విరుగుడు చూడమని లేలాండ్ అడిగాడు. ఇంజిన్‌ని తిప్పాలంటే మోటార్ ఇంజిన్ అంత పెద్దది కావాలని అప్పటి ఎలక్ట్రికల్ నిపుణుల లెక్క. రోజంతా తిరిగే మోటారుకైతే ఆ లెక్క సరైనదే. కెటరింగ్‌కి గల్లాపెట్టె గుర్తుంది. ఇంజిన్ అంటుకునేదాకా కొన్ని సెకన్లు చాలు. తగిన గేర్లతో, బ్యాటరీతో చిన్న మోటార్ పెట్టాడు. ఇంజిన్ నడవడం మొదలయ్యాక ఆ యంత్రమే జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు 24 వోల్టులు, ఛార్జింగ్‌కీ లైట్లకీ 6 వోల్టులు. 1912 మోడల్ కాడిలాక్‌లో అది అమ్మకానికి వచ్చింది. ఆ పనికి కాడిలాక్‌కి ఇంగ్లండ్‌లో డ్యూయర్ ట్రోఫీ దక్కింది. హ్యాండిల్ తిప్పే బలం లేనివాళ్ళు కూడా ఒంటరిగా కారు తీసుకెళ్ళగలిగారు.

ఇప్పటి కార్లో తాళంచెవి తిప్పడం కూడా పోయి పుష్ బటన్ వచ్చింది. మా ఇంటి కారు బటన్ ఆర్నెల్ల క్రితం మూడీగా తయారైంది. ఒకరోజు నొక్కగానే స్టార్ట్, ఇంకోరోజు టిక్ అని ఊరుకుంటుంది. నాన్న బ్యాటరీ మార్చేద్దామన్నారు. నేను మల్టీమీటర్ తెచ్చుకున్నాను. బటన్ నేరుగా మోటార్‌కి కరెంటు ఇవ్వదు. కంప్యూటర్‌ని అడుగుతుంది, అంతే. కీ లోపలే ఉందా, బ్రేక్ తొక్కారా, గేర్ సరైన చోటే ఉందా అని అది చూసుకుని, అన్నీ కుదిరితే రిలే వేస్తుంది. కీలోని నాణెం లాంటి సెల్ మార్చి చూశాం, తేడా లేదు. బ్రేక్ లైట్ వెలుగుతోంది కాబట్టి పెడల్ వైపు అనుమానం తగ్గింది. పైగా టిక్ మని వినిపిస్తోందంటే అనుమతి వచ్చేసింది, కంప్యూటర్ దాకా అంతా బాగుంది. మిగిలింది బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా ఉన్న లావుపాటి దారి.

బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే 12.5 వోల్టులు. హారన్ మోగుతోంది, లైట్లు బ్రహ్మాండం. ఊరికే ఉన్నప్పుడు ఏ తప్పూ కనపడదు. అమ్మని బటన్ నొక్కమని, మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద, ఇంకో కొన ఇంజిన్ బాడీ మీద పెట్టాను. టిక్ అన్న క్షణంలో 2 వోల్టులు దాటింది. దాదాపు సున్నా ఉండాల్సిన చోట అది. ఎర్త్ కేబుల్ బిగించిన చోట తుప్పు. నూరు ఆంపియర్లు పారేటప్పుడు 20 మిల్లీ ఓమ్‌ల నిరోధం చాలు, 2 వోల్టులు మింగేయడానికి. అంత చిన్న నిరోధం మామూలు మీటర్ ఓమ్స్ రేంజ్‌లో నమ్మకంగా తెలియదు. విప్పి, శుభ్రం చేసి, బిగించాం. ఇప్పటిదాకా మళ్ళీ మొరాయించలేదు. కెటరింగ్ మోటార్ మొత్తం ఆ కొన్ని సెకన్ల కోసమే పుట్టింది కదా, దాని రోగం కూడా ఆ సెకన్లలోనే బయటపడుతుంది. వెతకాల్సింది అప్పుడే.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ ఆయన కథ ఇక్కడ ఆగలేదు.

కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్లు లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేసేవి. దాన్నే నాకింగ్ అంటారు. తప్పు డెల్కో బ్యాటరీ ఇగ్నిషన్‌దేనని అప్పట్లో చాలామంది నింద వేశారు. కెటరింగ్ దాన్ని కొట్టిపారేయకుండా పరిశోధనకి పెట్టాడు. ఆ పని చేసిన యువ ఇంజినీరు థామస్ మిడ్జ్‌లీ. తప్పు ఇగ్నిషన్‌ది కాదు, ఇంధనం మండే తీరుదని తేలింది. మందు కోసం ఏళ్ళ తరబడి రకరకాల పదార్థాలు కలిపి చూశారు. 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. పెట్రోలులో కాస్తంత సీసం కలిపితే చప్పుడు మాయం. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోనే అమ్మకం మొదలైంది. పేరు ఇథైల్. ఆ పేరులో సీసం మాట లేదు.

సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని కెటరింగ్ బృందానికీ తెలుసు. 1924లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ ద్రవం తయారుచేస్తున్న అయిదుగురు కార్మికులు మతి తప్పి చనిపోయారు. ఆ ఏడాదే ఏర్పడిన ఇథైల్ కంపెనీకి మొదటి అధ్యక్షుడు కెటరింగే. 1925లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో ఆలిస్ హామిల్టన్ లాంటి వైద్యులు గట్టిగా వ్యతిరేకించారు. కెటరింగ్ సీసం పక్షాన నిలబడ్డాడు. కొన్నాళ్ళు ఆగిన అమ్మకం మళ్ళీ మొదలైంది.

ఆయన చెడ్డవాడని నేననను. 1947 వరకు జనరల్ మోటార్స్ పరిశోధనశాలను నడిపాడు. రైళ్ళకి పనికొచ్చే తేలికైన డీజిల్ ఇంజిన్లు అక్కడే రూపుదిద్దుకున్నాయి. న్యూయార్క్‌లోని ప్రసిద్ధ క్యాన్సర్ పరిశోధన సంస్థకి ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో పాటు ఈయన పేరు కూడా ఉంది. 1958 నవంబరు 25న డేటన్‌లో కన్నుమూశాడు. పొగగొట్టాల్లోంచి వెళ్ళిన సీసం పిల్లల రక్తంలో, మెదడులో ఏం చేస్తోందో లోకం గట్టిగా లెక్కతేల్చింది ఆ తర్వాతే. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000లో. ప్రపంచంలో చివరి బంకు అల్జీరియాలో ఆగింది 2021లో. డేటన్ నుంచి లెక్కేస్తే 98 ఏళ్ళు.

మోటార్ విషయంలో ఎంతసేపు అని అడిగి నిపుణుల్ని దాటిపోయిన మనిషి, సీసం విషయంలో ఆ ప్రశ్న అడగలేదు. ఇంజిన్‌లో దాని పని కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది, రోడ్డు పక్క మట్టిలో మాత్రం తరాల తరబడి ఉంటుంది. మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టుల్లో రేటింగ్, ఖర్చు, ఎఫిషియెన్సీ అని పట్టికలు వేస్తాం కదా. వాటి పక్కన ఇంకో గడి గీద్దాం: మన పని అయిపోయాక ఇది ఎక్కడ, ఎంతకాలం ఉంటుంది?