పులిని కొట్టాలన్నా పర్మిట్ కావాల్సిందే!

పావగడ: చెనిక్కాయ ఊడలు దిగిందే తడవు అడవిపందులు చేన్లో పడతాయి. కొండ పక్క పల్లెలకు ఎలుగుబంట్ల భయం సరేసరి. మన పొలంలోకి వచ్చిన జంతువును మనమెందుకు కొట్టకూడదన్న మాట రచ్చబండ దగ్గర రాని ఏడాది లేదు. ఈ తగాదా నిన్నమొన్నటిది కాదు. అడవి ఎవరిది, పొలం ఎవరిది, అందులో తిరిగే జంతువు ఎవరిదన్న ప్రశ్నల మధ్యే బతుకంతా గడిపిన వేటగాడు ఒకాయనున్నాడు. పేరు కెన్నెత్ ఆండర్సన్. దొరల బిడ్డే గానీ పుట్టింది తెలుగు నేల మీదే.

1910 మార్చి 8న సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో పుట్టాడు. స్కాట్లాండ్ మూలాలున్న ఆ కుటుంబం తరాలుగా ఇక్కడే ఉండిపోయింది. తండ్రి మిలిటరీ లెక్కల శాఖ ఉద్యోగి. తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే. బెంగళూరులో బిషప్ కాటన్ స్కూలు, సెయింట్ జోసెఫ్ కాలేజీ చదువు అయ్యాక లా చదవమని ఎడింబరో పంపితే మనసు నిలవక తిరిగొచ్చేశాడు. తంతి తపాలా శాఖలోనూ, తర్వాత బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలోనూ కొలువు చేశాడు. సెలవు దొరికితే చాలు, కారేసుకుని అడవిబాట పట్టేవాడు.

గట్టు దాటితే వేరే చట్టం

అడవిబాట అంటే ఇష్టమొచ్చినట్టు వెళ్లడం కాదు. అప్పుడు పావగడ మైసూరు సంస్థానంలో ఉంది. పక్కనే ఉన్న మడకశిర, హిందూపురం మద్రాసు ప్రెసిడెన్సీవి. మైసూరులో వేటకు, చేపలకు 1901 నాటి రెగ్యులేషన్ ఉండేది. అవతల 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లదు. రిజర్వు అడవిలో కాలు పెట్టాలంటే అటవీ అధికారి చీటీ చేతిలో ఉండాలి. పేదోడి నాటు తుపాకీకి ఈ చీటీ దొరికేది అరుదు. ఆ తేడాను దాచిపెట్టాల్సిన పనిలేదు.

మనుషుల్ని తినే పులి సంగతి వేరు. దాన్ని సర్కారు ప్రకటించాకే వేటగాళ్లకు పిలుపు వచ్చేది. 1939 నుంచి 1966 దాకా ఆండర్సన్ కొట్టిన నరభక్షక జంతువులు సర్కారు లెక్కలో 8 చిరుతలు, 7 పులులు. చిత్తూరు జిల్లా చామల లోయ, నల్లమలలో దిగువమెట్ట ఆయన కథల్లో కనిపిస్తాయి.

పట్టా పొలంలో మాత్రం రైతు మాటే పర్మిట్. చచ్చిన ఆవును కదిలించకుండా ఉంచేది రైతే. మంచె కట్టేందుకు చెట్టు చూపేదీ రైతే. తుమకూరు జిల్లాకు ఆనుకునే ఉన్న అరసికెరె వైపు ఓ ఎలుగుబంటి 12 మందిని పొట్టన పెట్టుకుంది. సఖరాయపట్నం దారిలో దర్గా చూసుకునే ఆలంబక్ష్ కొడుకు కూడా దానికే బలయ్యాడు. ఆ తండ్రి గోడు విని ఆండర్సన్ వచ్చి దాన్ని మట్టుబెట్టాడు.

1954లో మొదటి పుస్తకం అచ్చయింది. వయసు మళ్లేకొద్దీ తుపాకీ పక్కన పెట్టి, అడవిని కాపాడాలని రాశాడు. 1970లో పులి వేటకు నిషేధం వచ్చింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1974 ఆగస్టు 30న ఆయన క్యాన్సర్‌తో పోయాడు.

ఆ చట్టం మొదట్లో లైసెన్సు వేటను పూర్తిగా తీసేయలేదు. సర్కారుది కాని భూమిలో వేటాడాలంటే సొంతదారు ఒప్పుకోవాలన్న షరతు కూడా అందులో ఉండేది. 1991 సవరణతో లైసెన్సు వేట కాలం ముగిసింది. ఇప్పుడు రైతు ఒప్పుకున్నా లాభం లేదు, పట్టా పొలంలోనైనా అంతే. పంట పాడుచేసే కొన్ని జంతువుల విషయంలో అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే దారి. కృష్ణజింకకు ఆ దారి కూడా లేదు. పంట మేసిందన్న కారణం దాని విషయంలో చెల్లదు.

మధుగిరి తాలూకా మైదనహళ్లిలో 2007లో జయమంగలి కృష్ణజింకల రిజర్వు ఏర్పడింది. జింకలకు దాని హద్దురాళ్లు తెలియవు, రాష్ట్రం సరిహద్దూ తెలియదు. మేత వెతుక్కుంటూ చేలల్లోకి వస్తాయి. మేసిపోయాక పరిహారం అర్జీకి ఇక్కడి రైతు పహణి వెతుక్కోవాలి, మడకశిర రైతు అడంగల్ వెతుక్కోవాలి.